గుండు పిట్ట ముఖచిత్రం

బాలల దినోత్సవం నాడు యాదలక్ష్మి టీచర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి వాహెద్ ప్రింటింగ్ దుకాణానికి వెళ్ళాలి. తను రాసి, బొమ్మలు వేసిన పుస్తకం నలభై కాపీలు తెచ్చుకోవాలి. పదకొండింటికి బడిలో పిల్లలకు చదివి వినిపించాలి. ఇందులో తేడా రావడానికి ఏముందిలెమ్మని ఆమె ఆ రోజు ఇడ్లీ కూడా నిదానంగానే తింది.

పుస్తకం పేరు 'గుండు పిట్ట'. తల మీద ఈకలు లేని చిన్న పిట్టను ఒక కోడిపుంజు రోజూ ఏడిపిస్తుంటుంది. పిట్ట ఓర్చుకుని ఓర్చుకుని, చివరికి ఒకరోజు ఎదురు నిలబడి గట్టిగా మాట్లాడుతుంది. కథంతా అంతే. దాన్ని టీచర్ రాసింది రెండో తరగతి భాగ్య కోసం. భాగ్యకు జ్వరం తగ్గితే ఏడుపాయల అమ్మవారికి తలనీలాలు ఇప్పిస్తానని నాయనమ్మ ఆగమ్మ మొక్కుకుంది. మొక్కు నాయనమ్మది, గుండు మనవరాలిది. దసరా సెలవుల తర్వాత భాగ్య బడికి వస్తే మూడో తరగతి వంశీ ఆ గుండు మీద రెండు చేతులా దరువు వేశాడు. అంతే, మర్నాటి నుంచి ఆ పిల్ల బడి మొహం చూడలేదు.

టీచర్ రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళింది. రెండుసార్లూ భాగ్య మంచం కింది నుంచే మాట్లాడింది.

"బుక్కుల ఆఖరికి పిట్టనే గెలుస్తదా, టీచర్?"

"పిట్టనే గెలుస్తది, బిడ్డా."

"అయితే బుక్కు అచ్చయిన రోజు వస్త. ఉత్తగ చెప్తే రాను."

కాబట్టి ఈరోజు పుస్తకం చేతికి రాకపోతే పిల్లా రాదు, టీచర్ మాటా నిలవదు. ఇంత ముఖ్యమైన పుస్తకం అచ్చు ఖర్చు భరించిన పుణ్యాత్ముడు సిమెంటు దుకాణం రఘుపతి సేటు. ముఖ్య అతిథి కూడా ఆయనే.

"సలాం మేడం. మస్తు వచ్చింది, జర సూడుండ్రి," అంటూ వాహెద్ వేడివేడిగా ఒక కాపీ చేతిలో పెట్టాడు.

యాదలక్ష్మి చూసింది. పైన ఎర్రటి అక్షరాల్లో 'గుండు పిట్ట'. దాని కింద, పిట్ట ఉండాల్సిన చోట, రఘుపతి సేటు ముఖం. నున్నటి గుండు, దాని మీద గంధం, ముప్పై రెండు పళ్ళ నవ్వు. అసలు పిట్ట ఒక మూలన దోమంత అయి కూర్చుంది.

"ఇదేంది భాయ్? సేటు ఫొటో ఎందుకు పెట్టిన్రు?"

"ఖర్చు పెట్టుకున్న మనిషి ఫొటో లేకుంట మా దుకాణంల ఏదీ అచ్చుగాదు మేడం. ఇరవై ఏండ్ల రివాజు. పెద్ద మనిషికి పెద్ద ఫొటో."

"ఈ ఫొటోనే దొరికిందా?"

"కంప్యూటర్ల గిదొక్కటే ఉన్నది. రెండేండ్ల కింద జాతర ఫ్లెక్సీకి సేటే ఇచ్చిండు. మొఖం మస్తు క్లియర్ ఉన్నది."

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. రెండేళ్ళ కింద రఘుపతి కూడా ఏడుపాయలకు వెళ్ళి మొక్కు తీర్చుకున్నాడు. అమ్మవారు తీసుకున్నది తీసుకుంది గానీ, మళ్ళీ మొలవాల్సిన జుట్టు చెవుల పక్కనే ఆగిపోయింది. ఆయన రెండు రోజులు హైదరాబాద్ పోయి, పాతికేళ్ళ కుర్రాడి క్రాఫుతో తిరిగొచ్చాడు. అది విగ్గని మెదక్‌లో అందరికీ తెలుసు. అందరికీ తెలుసన్న సంగతి రఘుపతికి ఒక్కడికే తెలియదు.

"మళ్ళ అచ్చు గొట్టుండ్రి భాయ్, మీకు దండం పెడ్త."

"కవరు కాగితం ఒడిసింది మేడం. ఎల్లుండి గాని రాదు. మీరు పరేషాన్ గాకుండ్రి. సేటుకు జుట్టు పెడదాం."

వాహెద్ దగ్గర స్టిక్కర్ కాగితం ఉంది. నిన్ననే ఒక పెండ్లి ఫ్లెక్సీ చేశాడు. ఆ పెండ్లికొడుకు జుట్టు ఒత్తుగా, అలలు అలలుగా ఉంది. దాన్ని ముఖం నుంచి కత్తిరించి నలభై జుట్లు అచ్చు వేశాడు. టీచరూ తనూ కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా కత్తిరిస్తుండగా ఆయనకు మరో మంచి పని గుర్తొచ్చింది.

"చెప్పుడు మర్సిన మేడం. నా తరఫున ఒక ఫ్లెక్సీ గూడ కొట్టిన. గిదే కవరు. పొద్దుగాలనే రాందాస్ చౌరస్తల కట్టిచ్చిన."

టీచర్ చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఫ్లెక్సీ విప్పడానికి వాహెద్ పరుగెత్తాడు గానీ, దాని ఫొటో అంతకంటే ముందే పరుగెత్తింది. అరగంటలో కౌడిపల్లి దాకా వాట్సాప్ గ్రూపుల్లో, బడివాళ్ళు రఘుపతికి గుండు పిట్ట అని బిరుదు ఇస్తున్నారని వచ్చేసింది. శివ్వంపేటలో ఉన్న ఆయన బావమరిది ఏకంగా ఫోన్ చేసి, "బావా, ఎలక్షన్ల నిలబడుతున్నవా? పిట్ట గుర్తు ఎప్పుడిచ్చిన్రు?" అని అడిగాడట. అప్పటిదాకా రఘుపతికి ఏమీ తెలియదు. ఆ ఫోనుతో అన్నీ తెలిశాయి.

యాదలక్ష్మి బడికి చేరేసరికి హెడ్మాస్టర్ ఐలయ్య గేటు దగ్గరే ఉన్నాడు. ఒక చేతిలో పూలదండ, ఒక చేతిలో ఫోను.

"టీచరమ్మా, సేటు ఫోన్ల ఒక్కటే మాటన్నడు. వస్తున్న అన్నడు. ఎందుకొస్తున్నడో చెప్పలే."

"జుట్టు తెచ్చిన సార్. అంటిస్తే అయిపోతది."

ఏమి జుట్టో, ఎందుకు జుట్టో అడిగే ఓపిక కూడా ఐలయ్యకు లేదు. ఆయా బాలమణిని కూర్చోబెట్టుకుని టీచర్ నలభై కాపీల మీద నలభై జుట్లు అంటించింది. స్టిక్కర్ జిగురు నమ్మదగ్గట్టు లేదని బాలమణి తన తెలివి కొద్దీ కాస్త అన్నం మెతుకులు కూడా పులిమింది. తడి ఆరకముందే పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. తీసి చూస్తే కొన్నింటి మీద జుట్టు పక్కకు ఒరిగింది. కొన్నింటి మీద కళ్ళ మీదికి వచ్చింది. ఒక ఆరేడు కాపీల మీద కిందికి జారి మీసమయింది. ఇంతకుముందు గుండు ఒక్కటే కనిపించేది. ఇప్పుడు గుండూ, విగ్గూ రెండూ కనిపిస్తున్నాయి.

"ఇవి దాసిపెట్టుండ్రి," అన్నాడు ఐలయ్య నీరసంగా. "పోరగాండ్లకు చాక్లెట్లు ఇచ్చి ఇండ్లకు తోలుదాం."

సరేననబోయి టీచర్ వరండాలోకి చూసింది. మొదటి వరుసలో, కనుబొమ్మల దాకా మంకీ క్యాప్ లాక్కుని, భాగ్య కూర్చుని ఉంది. పక్కన ఆగమ్మ.

"బుక్కేది టీచర్?" అంది భాగ్య.

సేటు తిడితే పడొచ్చు, హెడ్మాస్టర్ అలిగితే బతిమాలుకోవచ్చు. ఈ పిల్ల మళ్ళీ మంచం కిందికి దూరితే ఇక బయటికి రాదు. యాదలక్ష్మి పుస్తకాల కట్ట విప్పి పంచేసింది.

పంచిన నిమిషానికే వంశీ స్టిక్కర్ అంచు గోటితో గీకాడు. జుట్టు లేచి వచ్చింది. దాన్ని తన పెదవి మీద పెట్టుకుని, "అరే, సేటు విగ్గు," అన్నాడు. పిల్లలకు ఇంతకంటే మంచి ఆట దొరుకుతుందా? నలభై జుట్లూ ఊడిపోయాయి. "గుండు తాత, గుండు తాత" అని వరండా అంతా ఒకటే పాట.

సరిగ్గా అప్పుడే గేట్లో రఘుపతి సేటు నిలబడి ఉన్నాడు. ఐలయ్య దండ ఎత్తి, మళ్ళీ దించాడు. వేద్దామంటే భయం, వేయకపోతే ఇంకా భయం.

పాట ఒక్కసారిగా ఆగింది. ఆపింది మాత్రం సేటు కాదు. భాగ్య లేచి, మంకీ క్యాప్ పీకి కింద పడేసి, వంశీ ముందు నిలబడింది.

"ఏందిరా నవ్వుతున్నవ్? తాత మొక్కు తీర్సుకుండు. నేను గూడ తీర్సుకున్న. అమ్మోరికి ఇచ్చినంక ఎవ్వరు నవ్వొద్దు. నవ్వేదుంటే నా ముంగట నవ్వు."

వంశీ పెదవి మీది జుట్టు దానంతట అదే రాలిపోయింది. భాగ్య పుస్తకం పట్టుకుని తిన్నగా సేటు దగ్గరికి నడిచింది. ముఖచిత్రం చూసింది, ఆయన క్రాఫు చూసింది. రెండు మూడుసార్లు అలా కిందికీ పైకీ చూసింది.

"తాతా, నీకు మంచిగ మొలిసింది గదా. ఎన్ని దినాలకు మొలిసింది? నాకు గూడ మొలుస్తదా?"

దారి పొడుగునా రఘుపతి కూడబెట్టుకున్న తిట్లలో ఒక్కటీ ఇక్కడ పనికొచ్చేలా లేదు. ఐలయ్య కళ్ళు మూసుకున్నాడు. నెలకే మొలిచిందని ఒక్క మాట అంటే సేటు పరువు దక్కేది. కానీ ఆ పిల్ల రేపటి నుంచి అద్దం ముందు నిలబడి రోజులు లెక్కపెట్టుకుంటుంది. ఆ సంగతి రఘుపతికి తెలిసినంత బాగా మెదక్‌లో ఇంకెవరికీ తెలియదు. రెండేళ్ళుగా ఆయన చేస్తున్న పని అదే.

సేటు పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నాది మొలవలే, బిడ్డా. చిన్నపిల్లవు, నీది మొలుస్తది," అని విగ్గు తీసి చేతిలో పట్టుకున్నాడు.

నలభై మంది పిల్లల్లో ఒక్కడూ నవ్వలేదు. భాగ్య ముందు నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె మాత్రం ఆయన గుండును ఒకసారి నిమిరి చూసి, తృప్తిగా తల ఊపింది. "సలి పెడ్తే నా టోపీ ఇస్త," అంది. యాదలక్ష్మి కొంగుతో కళ్ళు ఒత్తుకుని, హడావిడిగా మొదటి పేజీ తెరిచింది.

కథ అయిపోయాక గుండు ముట్టుకుంటానని వంశీ వినయంగా భాగ్యను అడిగాడు. ముందు తాతది ముట్టుకుని రమ్మంది ఆమె. దాంతో పిల్లలంతా సేటు ముందు వరుస కట్టారు. "నెత్తికి జర గాలి తగుల్తున్నది, ఐలయ్య సార్," అన్నాడు రఘుపతి, ఐదో పిల్లవాడి చేతి కింద నుంచి. వాహెద్ విప్పిన ఫ్లెక్సీని సాయంత్రం సేటే మళ్ళీ కట్టించాడు.

ఆ విగ్గు ఇప్పుడు బడి నాటకాల పెట్టెలో ఉంది. గుండు పిట్ట నాటకం ఎప్పుడు వేసినా, కోడిపుంజు దాన్నే పెట్టుకుంటుంది.