పుట్టకముందే షికారు

జట్టులో అతన్ని గోడ అంటారు. గోల్ కీపర్ కదా, బంతికి అడ్డం నిలబడతాడని ఆ పేరు పెట్టారు. పోయిన వేసవిలో ఒకే ఆటలో అరడజను గోల్స్ వదిలాక చిల్లుగోడ అన్నారు. అరవడానికి పొడుగైపోయిందని మళ్లీ గోడకే వచ్చారు. పగలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఊళ్లో వాళ్లందరి చూపూ బాగుచేసే మనిషికి ఎదురుగా వచ్చే బంతి ఎందుకు కనబడదని ఎవరూ మొహం మీద అడగలేదు. భార్య ఒక్కతే అడిగింది.

ఆవిడది బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. ఇప్పుడు నెలలు నిండి సెలవులో ఉంది. "టికెట్ లేనివాణ్ని ఎక్కగానే పట్టుకోకూడదు" అంటుంది. "కిటికీ పక్కన కూర్చోనివ్వాలి. చల్లగాలి పీల్చుకోనివ్వాలి. చివరి స్టాపులో చెయ్యి చాపాలి." ఈ మాట గోడ చాలాసార్లు విన్నాడు. బస్సుల సంగతే అనుకున్నాడు.

పోయిన వేసవిలోనే, ఎదుటి జట్టులో రోకలికాలు అని పేరుపడ్డవాడు తన్నిన బంతికి గోడ చెయ్యి విరిగింది. అతుక్కునేదాకా ఆవిడే అన్నం తినిపించింది, చొక్కా గుండీలు పెట్టింది, తల దువ్వింది. అందుకే ఈ ఏడు ఎండలు మొదలవగానే తేల్చి చెప్పేసింది.

"ఏవండీ, బిడ్డ పుట్టేదాకా మీరు గోల్ దగ్గరికి వెళ్లడానికి వీల్లేదు. ఇంట్లో ఒక్క పసివాడు చాలు. ఇద్దర్ని సాకడం నా వల్ల కాదు."

"ఒట్టు! బంతి మొహం చూడను."

"ఎప్పుడు చూశారు గనక!"

ఒట్టయితే వేశాడు గాని, వేసవి సాయంత్రాలు మనిషిని ఇంట్లో ఉండనిస్తాయా? మూడో అంతస్తు బాల్కనీలో నిలబడితే కింద వీధంతా కనిపిస్తుంది. హోటళ్లవాళ్లు కుర్చీలు బయట వేస్తారు. ఐస్‌క్రీం బండి గంట మోగుతుంది. మార్కెట్టు వెనక మైదానంలోంచి రిఫరీ ఈల వినబడుతుంది. ఈల వినబడినప్పుడల్లా గోడ అరిచేతులు దురద పెట్టేవి. పైగా ఈసారి జట్టు ఎలా గెలిచిందో ఏమో, ఫైనల్ దాకా వచ్చేలా ఉంది.

సరిగ్గా అప్పుడే ఆవిడ అక్క తమ పిల్లలు వాడిన చక్రాల బండి పంపించింది. గోడ దాన్ని అటూ ఇటూ తోసి మొహం చిట్లించాడు.

"కీచుమంటోంది, విన్నావా? బిడ్డకు నిద్ర చెడిపోతుంది. రోజూ సాయంత్రం వీధిలో తిప్పితే సాఫీ అవుతుంది."

"ఖాళీ బండినా?"

"చక్రాలకు బరువు అలవాటు కావాలిగా. ఓ దిండు పడుకోబెడతాను."

"మీ తెలివి బిడ్డకు రాకుండా మందేమైనా ఉందేమో, డాక్టరమ్మని అడగాలి" అంది గాని, వద్దనలేదు.

దిండు కింద బూట్లు, గ్లవ్స్. దిండు మీద దుప్పట్లో చుట్టిన బంతి. అనుమానం రాకుండా దానికో ఊలు టోపీ. తన తెలివికి తనే మురిసిపోతూ గోడ మెట్లు దిగాడు.

గుమ్మంలోనే కింది ఇంటి పిన్నిగారు ఎదురైంది.

"ఎప్పుడు నాయనా? మాట మాత్రమైనా చెప్పలేదే!"

ఆవిడ చెయ్యి టోపీ మీదికి వచ్చేస్తోంది. "ముట్టుకోకండి పిన్నిగారూ, నిద్రపోతున్నాడు!" అనేశాడు.

"ఈ ఎండల్లో ఊలు టోపీ ఏమిటి?"

"వాడికి చలి ఎక్కువండీ."

"ఏడుపే వినబడదేం?"

"బుద్ధిమంతుడు. తంతే గాని కదలడు."

పిన్నిగారు రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ రోజు నుంచి బండి తోసుకుంటూ మైదానానికి వెళ్లే గోడ వైభవం చూడాలి. రోడ్డు దాటుతుంటే కార్లు ఆగేవి. హోటల్ కుర్చీల్లో వాళ్లు గొంతులు తగ్గించేవాళ్లు. "బాబు ఎలా ఉన్నాడు సార్?" అని ఐస్‌క్రీం బండి అతను రోజూ పలకరించేవాడు. "పెరుగుతున్నాడు" అనేవాడు గోడ, కన్నతండ్రి గర్వంతో.

ఫైనల్ రోజు రానే వచ్చింది. బండి సర్ది తలుపు దగ్గర పెట్టి, గోడ చెప్పులు తొడుక్కుంటుండగా గంట మోగింది. ఆవిడ తలుపు తీసింది. ఎదురుగా పిన్నిగారు, వెనక మరో ముగ్గురు ఆడవాళ్లు. చేతుల్లో చిట్టి మేజోళ్లు, చిట్టి చొక్కాలు. గోడ ఒక్క గంతులో స్నానాల గదిలోకి దూరి కుళాయి తిప్పాడు.

బయట అందరూ ఆవిడ పొట్ట చూస్తున్నారని గోడకు గోడలోంచే తెలిసిపోయింది.

"అయితే... ఇంకొకరు లోపలే ఉన్నారా తల్లీ?" అంది పిన్నిగారు.

"లోపలికి రండి పిన్నిగారూ. తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఆ తర్వాత గుసగుసలు. ఆ తర్వాత ఇల్లెగిరిపోయేలా నవ్వులు. ఆడవాళ్లు దేనికైనా నవ్వుతారులే అని గోడ సర్దిచెప్పుకుని, కుళాయి ఇంకాస్త తిప్పాడు.

బయటికొచ్చేసరికి ఆవిడ ఒక్కతే కూర్చుని విసురుకుంటోంది.

"ఎండ తగ్గింది, బండి తిప్పుకురారాదూ?" అంది.

గోడ బతికిపోయాననుకున్నాడు. బండి ఇవాళ కాస్త బరువుగా అనిపించింది. అదీ సంతోషమే అనుకున్నాడు.

"రారా గోడా, అందరూ నీకోసమే ఆగారు!" అని మైదానంలో కెప్టెన్ కేక పెట్టాడు. గోడ టోపీ తీశాడు, దుప్పటి విప్పాడు. లోపల నిగనిగలాడుతూ పుచ్చకాయ. దిండు కింద బూట్లు లేవు, బొటనవేలికైనా పట్టని మేజోళ్లున్నాయి. గ్లవ్స్ చోట పసిపిల్లల చేతితొడుగులు.

"ఇదేంట్రా?" అన్నాడు కెప్టెన్.

"మా బాబు" అన్నాడు గోడ, అలవాటుకొద్దీ.

వేరే బంతి ఉంది, వేరే కీపర్ లేడు. వేసుకున్న చెప్పులతోనే, ఉత్త చేతులతోనే గోడను గోల్లోకి తోశారు. ఈల మోగింది. వెనక వల అవతల కుర్చీలు వేస్తున్న చప్పుడైంది. తిరిగి చూస్తే ఆవిడ, పక్కన పిన్నిగారి బృందం.

"మూడంతస్తులు దిగి ఎలా వచ్చావే?"

"మీ అబ్బాయి ఆట చూద్దామని. ఇటు కాదండీ, బంతి అటుంది."

వెనక్కి చూడటానికి భయపడి గోడ ముందుకే చూశాడు. అందుకేనేమో, జీవితంలో మొదటిసారి బంతి కనబడింది. ఒక్క గోల్ కూడా పోలేదు. కెప్టెన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆట ఇంకో నిమిషంలో అయిపోతుందనగా రోకలికాలు బంతితో దూసుకొచ్చాడు. గోడ తన ఉత్త చేతులు చూసుకున్నాడు, పళ్లు బిగించి చాపాడు.

వెనక నుంచి "అమ్మా!" అని వినబడింది.

అంతే. గోడ బంతిని వదిలేశాడు, వల చుట్టూ పరిగెత్తాడు, పిల్లల బండి మీంచి దూకాడు. "టాక్సీ! ఎవరైనా టాక్సీ పిలవండి! నొప్పులు..." అతని వెనక బంతి తీరిగ్గా దొర్లుకుంటూ ఖాళీ గోల్లోకి వెళ్లింది.

"నొప్పులు కాదండీ. కాలు తిమ్మిరెక్కింది" అంది ఆవిడ. అతని చేతులు రెండూ పట్టుకుని, తిప్పి తిప్పి, వేళ్లు వంచి చూసింది. "బాగానే ఉన్నాయి. చివరి స్టాపు వచ్చింది. దిగండి ఇంక."

జట్టువాళ్లు ఓడిన కోపమంతా పుచ్చకాయ మీద తీర్చుకున్నారు. గోడకు ఒక్క ముక్క కూడా పెట్టలేదు.

ఇంటిదారిలో ఆవిడ అతని భుజం పట్టుకుని మెల్లగా నడుస్తోంది. గోడ తలొంచుకుని ఖాళీ బండి తోస్తున్నాడు. చక్రాలు మాత్రం చక్కగా సాఫీ అయ్యాయి.

"బాబు ఎలా ఉన్నాడు సార్?" అన్నాడు ఐస్‌క్రీం బండి అతను.

గోడ తలెత్తకుండా బండి తోసుకుపోబోయాడు. ఆవిడే ఆగింది.

"బాగున్నాడు బాబూ, అదిగో బండి తోస్తున్నాడుగా! ఓ ఐస్‌క్రీం ఇవ్వు, ఏడుపుమొహం పెట్టాడు."