లీవులు పిల్లలకు, ప్రాజెక్టు పెద్దలకు

క్రిస్మస్ లీవులకు పిల్లల నెత్తిన ప్రాజెక్టు పెట్టి పంపే స్కూళ్ళకు మనం పూలదండ వేయాలి! ఊరికే వేస్తే చాలదు, మేళం పెట్టి వేయాలి!

మొహం చిట్లించకండి. ఎనిమిదో క్లాసులోనే చదువుకు దండం పెట్టి వచ్చేసిన నాకే అర్థమైంది, మీకెందుకు కాదు? పిల్లలు లీవుల్లో ఊరికే ఇంట్లో ఉంటే ఏం చేస్తారు? మంచాల మీద దూకుతారు. ఫ్రిజ్ తెరిచి, ఎందుకు తెరిచారో మరిచిపోయి నిలబడతారు. గంటకోసారి "బోర్" అంటారు. అదే ప్రాజెక్టు ఉంటే? ఇంట్లో అందరూ బిజీ! పిల్లలు తప్ప.

నమ్మకం లేకపోతే కోవిల్‌పట్టిలో మా అక్క సుధాలక్ష్మి ఇంటికి రండి. మా బావ రామసుబ్బుకు ఇంట్లోనే రెండు పవర్‌లూమ్‌లు. కూతురు సరణ్య ఐదో క్లాసు. పండక్కని విరుదునగర్ నుంచి పరోటా పార్సెల్‌తో నేను దిగేసరికి మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. దీపావళికి కూడా ఆగని మగ్గాలు! ఎవరికైనా ఏమైనా అయిందేమోనని చెప్పులు విప్పకుండానే లోపలికి పరుగెత్తాను.

ఏమీ కాలేదు. సరణ్యకు గాలిమర ప్రాజెక్టు ఇచ్చారు.

అక్క థర్మోకోల్ కోస్తోంది. బావ రెక్కలు కడుతున్నాడు. సరణ్య గడప మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"మామా, మిస్సు నన్నే చెయ్యమనె. అమ్మ కత్తిరి కూడా ముట్టనియ్యదు."

"నీకు వంకరగా వస్తాది పాపా," అంది అక్క, తల ఎత్తకుండానే.

చూశారా, ఎంత ప్రేమ! పిల్ల చేతికి గమ్ అంటకూడదని తల్లి తన జుట్టుకంతా పూసుకుంది!

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మగ్గాలున్న ఇంట్లో కిటికీ తీయడం పెద్ద నేరం. పొడిగాలి తగిలితే పడుగు దారాలు పటపట తెగుతాయి. మా బావ పుట్టినప్పటినుంచి గాలిని తలుపు బయటే నిలబెట్టిన మనిషి. అలాంటి ఇంట్లో గాలిమర ఎలా తిరుగుతుంది? బావ రెండు రోజులు ఆలోచించాడు. తర్వాత కండెలు చుట్టే మోటారు ఊడదీసి గాలిమర వెనకాల బిగించి, ప్లగ్ పెట్టి, స్విచ్ వేశాడు.

అబ్బో! రెక్కలు గిర్రున తిరిగాయి. థర్మోకోల్ పొట్టంతా లేచి మా అన్నం మీద పడింది.

"నాయ్నా, కాత్తాడి కరెంటు ఇయ్యాల గదా? ఇది తింటా ఉండాదే?" అంది సరణ్య, గాలిమరకేసి వేలు చూపించి.

"గమ్మునుండు! మార్కు పోతే ఎవురు బదులు చెప్పేది?" అన్నాడు బావ.

సరణ్య గమ్మునుంది. కళ్ళు మాత్రం గమ్మునుండలేదు, నిండాయి. లీవులు సగం పైగా అయిపోయాయి. పిల్ల ఒక్క కాగితం కత్తిరించలేదు, ఒక్క ఆట ఆడలేదు. ప్రాజెక్టు అయ్యేదాకా వీధిలోకి పోకూడదట. ఆ ప్రాజెక్టును మా అక్క అవనిస్తుందా?

అప్పుడు నా బుర్ర పనిచేసింది. నా బుర్ర మంచి పనులకు ఎప్పుడూ పనిచేయదు, మీకు తెలుసు.

"అక్కా," అన్నాను, "పక్కింటి తంగసామి కొడుక్కీ ఇదే ప్రాజెక్టంట గదా? వాళ్ళు గాలిమర పక్కన కొండ పెట్టుండారు. కొండమీద మేకలు."

కత్తెర ఆగింది. "మేకలా?"

"మేకపిల్లలు కూడా."

బావ అప్పుడే మేకలు చెయ్యడానికి దూది కోసం లేచాడు. నేను నేరుగా తంగసామి ఇంటికి పోయి, మా అక్క వాళ్ళు రైలు పెట్టారనీ, రైలు కూత కూడా వేస్తుందనీ చెప్పాను. తంగసామి మొహం చూడాలి మీరు! ఉన్నపళాన చొక్కా తగిలించుకుని స్టేషనరీ షాపుకు పరుగు.

"అక్కా, పాపను రవ్వసేపు బయటికి తోడుకోని పోతా."

"పో, పో. ఈడ అడ్డం లేకుండా ఉంటాది."

తంగసామి ఇంట్లోనూ అదే జవాబు! మేము ముగ్గురం, నేను, సరణ్య, తంగసామి కొడుకు మణికంఠన్, కయత్తారు బస్సెక్కాం.

అక్కడ ఎవరూ మోటారు బిగించని నిజం గాలిమరలు మార్గళి నెల గాలికి నిదానంగా తిరుగుతున్నాయి. రెక్కల నీడలు నేల మీద ఒకదాని వెనకాల ఒకటి ఊడ్చుకుంటూ వస్తున్నాయి. నీడ కాళ్ళ దగ్గరికి రాగానే దానిమీంచి ఎగిరి దూకాలి, తగిలితే అవుట్. ఈ ఆట సరణ్యే కనిపెట్టింది. నేనూ దూకాను. గాలికి వేష్టి, అదే నా పంచె, గొడుగులా లేచి, కాళ్ళకు చుట్టుకుని, ముళ్ళ పక్కనే పడ్డాను. ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్విందా పిల్ల!

"మామా, నువ్వు అవుటు! వేష్టి కూడా అవుటు!"

చీకటి పడకముందే ఇల్లు చేరాం. కొండ తయారైంది, మేకలు ఎక్కాయి. ఎక్కడికి పోయారని ఎవరూ అడగలేదు. అక్క మాత్రం ఎగిరి గంతేసింది.

"వచ్చినావా! దా, దా. నువ్వు చేసేమాద్రి ఫోటో పంపాలంట మిస్సుకు. చెయ్యి కడుగు. కత్తిరి పట్టుకో. నవ్వు!"

నేను పిల్లకేసి చూశాను. పిల్ల నాకేసి చూసింది. ఇద్దరికీ వేష్టి గుర్తొచ్చింది. ఫోటో పడింది.

వెంటనే మిస్సు నుంచి జవాబు: "సొంతంగా చేస్తే పిల్ల మొహం ఎలా వెలిగిపోతుందో చూడండి!" అక్క అది వీధంతా చూపించింది.

చదువుకున్న మిస్సు తప్పు చెబుతుందా? ఆ ప్రాజెక్టు మొత్తంలో సరణ్య సొంతంగా చేసింది ఆ నవ్వొక్కటే.