వాలంటీరుకో పదవి

సేవాసంస్థ పదికాలాల పాటు చల్లగా ఉండాలంటే అందులో పనిచేసే మనిషి ఒక్కడు కూడా ఉండకూడదు!

అలా కనుబొమలు ఎగరేయకండి. ఇలాంటి ఓ సంస్థకు నేను చాలా ఏళ్లు అధ్యక్షుడిగా వెలగబెట్టాను. గాలి కబుర్లు చెప్పే అలవాటు నాకు లేదు. అనుభవం మీద చెబుతున్నాను, వినండి.

మా సంస్థ చేసే పని చాలా చిన్నది. చూపు లేనివాళ్లు పరీక్షకు వెళ్తే, వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టడం. అంతే. ఒక పెన్ను, ఒక చెయ్యి, కాస్త ఓపిక. ఇంత చిన్న పనికి అంత పెద్ద సంస్థ ఎందుకని మీకు అనుమానం రావచ్చు. పని చిన్నది కాబట్టే సంస్థ పెద్దదైంది. పని పెద్దదైతే సంస్థను పెంచే తీరిక మాకెక్కడిది?

మొదట్లో నాకూ ఇంత జ్ఞానం లేదు. వాలంటీర్లంటే పనిచేసేవాళ్లనే పిచ్చి భ్రమలో ఉండేవాణ్ణి. జీతానికి వచ్చిన మనిషినైతే గట్టిగా ఓ మాట అనొచ్చు. సెలవివ్వనని బెదిరించొచ్చు. వాలంటీరును ఏమని బెదిరిస్తారు? "రేపట్నుంచి రావద్దు" అంటే "అమ్మయ్య" అంటాడు! బతిమాలితే నెత్తికెక్కుతాడు. ఒకణ్ణి పొగిడితే పక్కవాడు అలుగుతాడు. ఎవర్నీ పొగడకపోతే ఇద్దరూ అలుగుతారు.

అలాంటి రోజుల్లో మా బావమరిది అలిగాడు. మీటింగులో అందరికీ వేడి టీ ఇచ్చి తనకు చల్లారింది ఇచ్చారట. తిన్నగా వెళ్లి వాళ్లక్కతో, అంటే మా ఆవిడతో, చెప్పాడు. సంస్థ గొడవ వంటింట్లోకి వచ్చేసింది. ఆ పూట నాకు అసలు టీయే లేదు. ఏం చేయను? బాగా ఆలోచించి వాణ్ణి 'ఆతిథ్య విభాగం కన్వీనర్'ని చేశాను. మర్నాటికి మనిషే మారిపోయాడు! ఇస్త్రీ చొక్కా, జేబుకి బ్యాడ్జీ, నడకలో ఓ ఠీవి. టీ ఇప్పటికీ చల్లగానే వస్తోంది. కాని అది కన్వీనర్‌గారి శాఖ కాబట్టి ఎవరూ నోరెత్తరు.

అదీ కిటుకు. అలిగినవాడికి ఓ పదవి పారేయడం!

రిటైరైన డ్రాయింగ్ మాస్టారు రెండు మీటింగులకు మొహం చాటేసి బ్యానర్ల కన్వీనర్ అయ్యారు. తన ఫొటో వాట్సాప్ గ్రూప్‌లో ఎందుకు పెట్టలేదని నిలదీసిన కాంట్రాక్టరు ప్రచార కార్యదర్శి అయ్యాడు. మెట్ల మీద ఎదురుపడ్డా పలకరించుకోని తోడికోడళ్లిద్దర్నీ ఉపాధ్యక్షుల్ని చేశాను. మెయిన్ రోడ్డుకి ఇటువైపు పెద్దావిడది, అటువైపు చిన్నావిడది. కుర్చీలు వేయించడానికి ఒకరు, తీయించడానికి ఒకరు. పొద్దున్నే గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ పెట్టడానికి ఒకరు. అది రాని రోజున ఆయనకేమైందోనని వాకబు చేయడానికి ఇంకొకరు.

ఎంత ప్రశాంతంగా ఉండేదో తెలుసా! మీటింగంటే అందరూ వచ్చేవాళ్లు. రాకపోతే తన పదవి పక్కవాడికి పోతుందేమోనని భయం.

పరీక్షలు రాసే సంగతేమిటంటారా? దానికీ ఓ రూలు పెట్టుకున్నాం. లేవదీసింది డ్రాయింగ్ మాస్టారే. "కన్వీనర్ హోదాలో ఉండి నేనే వెళ్లి పరీక్ష రాస్తే, నా కింద పనిచేసేవాళ్లు ఏమనుకుంటారండీ?" అన్నారు. ఆయన కింద ఎవరూ లేరు. అయినా ఆ మాటలో న్యాయం కనిపించింది. పదవిలో ఉన్నవాళ్లు పర్యవేక్షించాలే తప్ప పెన్ను పట్టరాదని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఇంత ఐకమత్యం మీరు ఏ సంస్థలోనైనా చూశారా?

మరి పెన్ను పట్టేదెవరు? ఇంకా ఒక మనిషి మిగిలింది. బేకరీ అక్క.

మా వీధి చివర బేకరీ ఆవిడదే. తెల్లవారుజామునే బ్రెడ్డు పని ముగించి, కౌంటర్ దగ్గర కోడల్ని కూర్చోబెట్టి, చేతులకంటిన పిండి దులుపుకుంటూ పరీక్ష హాలుకి వెళ్లిపోతుంది. ఏళ్ల తరబడి ఇదే వరస. ఎప్పుడూ అలగలేదు కాబట్టి ఏ పదవీ రాలేదు. తప్పెవరిది? వార్షికోత్సవం ఫొటోలో మేమంతా కుర్చీల వరసలోనే కూర్చుంటాం. వెనక నిలబడేంత తక్కువ స్థాయి మాలో ఎవరికీ లేదు. ఆ ఫొటో తీసేది బేకరీ అక్క.

ఈసారి వార్షికోత్సవంలో నా మనసు కరిగింది. ఇంత పనిచేసే మనిషిని వట్టి వాలంటీరుగా ఉంచడం ఏం మర్యాద? వేదిక మీదికి పిలిచి, బ్యాడ్జీ తగిలించి, 'రాత విభాగం అధినేత్రి'గా ప్రకటించాను. చప్పట్లు మోగిపోయాయి.

"నాకెందుకండీ ఇవన్నీ? రేపు పొద్దున పరీక్ష ఉంది. ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటర్ అమ్మాయిది" అంది బ్యాడ్జీని తడుముకుంటూ.

"ఎవర్నో ఒకర్ని పంపమ్మా. ఇకమీదట నువ్వు వెళ్లకూడదు. హెడ్డువి!"

"ఎవర్ని పంపను?"

మంచి ప్రశ్నే. కాని అప్పటికే అందరం గ్రూప్ ఫొటోకి సర్దుకుని కూర్చున్నాం. తీసేవాళ్లు లేరని కాసేపటికిగాని తెలియలేదు.

ఆ టెలిఫోన్ ఆపరేటర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. పుట్టుకతోనే చూపు లేదు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ముందు పలికే గొంతు ఆవిడదే. సూపర్‌వైజర్ కావాలంటే పరీక్ష పాసవ్వాలి. ఇంతకుముందోసారి రాసిపెట్టే మనిషి రాక గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగింది. వయసు దాటిపోతోంది కనక ఇక ఇదే ఆఖరి అవకాశం. మా దగ్గర పదవి కావాలంటే అలిగితే చాలు. వాళ్ల ఆఫీసులో పాపం, చదవాలట! ఎంత వెనకబడి ఉన్నారో చూడండి.

మర్నాడు పొద్దున నాకు ఫోన్ వచ్చింది. "సార్, నేను గేటు దగ్గరున్నాను. బేకరీ అక్క ఫోన్ ఎత్తడం లేదు."

ఎలా ఎత్తుతుంది? కొత్త పదాధికారుల నాయకత్వ శిక్షణ శిబిరంలో ఉంది. ఏకాగ్రత చెడకుండా ఫోన్లన్నీ గుమ్మం దగ్గరే బుట్టలో వేయించుకుని తలుపులు మూసేశారు. ఆ ఏర్పాటు నాదే, బ్రహ్మాండంగా పనిచేసింది. ముందురోజు సాయంత్రమే బేకరీ అక్క గ్రూప్‌లో "రేపు ఎవరు వెళ్తారు?" అని అడిగిందట. ఒక్కొక్కరే బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. ఇంతమంది వెళ్తున్నారని ఆవిడ నిశ్చింతగా ఉంది. ఇంతమంది ఉండగా తనెందుకని ప్రతివాళ్లూ నిశ్చింతగా ఉన్నారు. నేనూ ఓ బొమ్మ పెట్టాను లెండి.

వరసగా ఫోన్లు కొట్టాను.

"వెళ్లేవాణ్ణేనండీ, కాని రూలుందిగా. సంతకం కూడా మీదే" అన్నారు డ్రాయింగ్ మాస్టారు.

"శిబిరానికి టీ ఎవరు పంపిస్తారు బావా?" అన్నాడు బావమరిది.

"ఆ హాలు రోడ్డుకి అటువైపు కదండీ. నేను అడుగుపెడితే మా తోడికోడలు ఊరుకుంటుందా?" అంది పెద్ద ఉపాధ్యక్షురాలు.

"ముందు ఆవిణ్ణి అడిగి తర్వాత నన్ను అడుగుతున్నారా?" అని ఫోన్ పెట్టేసింది చిన్న ఉపాధ్యక్షురాలు.

మళ్లీ ఆపరేటరే చేసింది. "బెల్లు కొట్టారు సార్. ఎవరూ రారా?" గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. ఆస్పత్రి ఫోన్‌లో ఎలా మాట్లాడుతుందో అలాగే, నెమ్మదిగా అడిగింది. నాకు సిగ్గేసింది. స్కూటర్ తీశాను.

వెనక బెంచీలో కూర్చోబెట్టారు. నేను ప్రశ్న చదివితే ఆవిడ చెప్పేది, నేను రాసేవాణ్ణి. రెండో ప్రశ్న దగ్గర ఉండబట్టలేక, "ఇక్కడ ఓ మంచి ముక్క కలుపుదామా అమ్మా?" అన్నాను.

"వద్దు సార్. పరీక్ష నాది."

ఇన్విజిలేటర్ నా వంక గుడ్లురిమి చూశాడు. అధ్యక్షుణ్ణి పట్టుకుని! వేళ్లు పీకడం మొదలుపెట్టాయి. సంతకం తప్ప ఇంకేదైనా రాసి ఎన్నాళ్లయిందో.

ఆఖరి ప్రశ్న ఏమిటో తెలుసా? మీ కింది సిబ్బందితో పని ఎలా చేయిస్తారు? నేను నిటారుగా కూర్చున్నాను. ఇది నా సబ్జెక్టు! కాని సాయం చేసే అవకాశం లేదాయె.

"నేనూ వాళ్ల పక్కనే కూర్చుని ఫోన్లెత్తుతాను" అని మొదలుపెట్టింది ఆవిడ. "ఎవరైనా రాని రోజున ఆ సీట్లో నేను కూర్చుంటాను."

నా పెన్ను ఆగింది.

"రాశారా సార్?"

"రాస్తున్నానమ్మా."

ఇది తప్పు సమాధానమని నా అనుభవం ఘోషిస్తోంది. సూపర్‌వైజర్ అయ్యుండి ఫోన్లెత్తడమేమిటి, హోదా ఏం కావాలి? అయినా నోరు మూసుకుని చెప్పింది చెప్పినట్టు రాశాను. కాగితాలు లాక్కునేలోపు ఆఖరి వాక్యం పూర్తయింది. బయటికొచ్చాక ఆవిడ నా చెయ్యి వెతికి పట్టుకుని గట్టిగా ఊపింది. అసలే పీకుతున్న చెయ్యి, అయినా ఇంకాసేపు ఊపితే బాగుండుననిపించింది. నిజం చెబుతున్నాను, అధ్యక్షుడైన రోజున కూడా నేనంత సంతోషపడలేదు.

ఆ సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు. అత్యవసర సమావేశం పెట్టారు. ఒక్కరు కూడా గైర్హాజరు కాలేదు. సాక్షాత్తూ అధ్యక్షుడే పెన్ను పట్టినందుకు నన్ను పదవి నుంచి పీకేసి వట్టి వాలంటీరును చేశారు. ఏకగ్రీవంగానే! "నన్నూ దించేయండి బాబూ" అని బేకరీ అక్క రాజీనామా ఇచ్చింది. దాన్ని పరిశీలించడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘానికి కన్వీనర్ ఎవరన్న దగ్గర ఇద్దరు అలిగారు. కాబట్టి ఆవిడ ఇంకా అధినేత్రే.

ఇప్పుడు పరీక్షలన్నీ నేనే రాస్తున్నాను. ఎక్కడికి వెళ్లాలో పొద్దున్నే ఫోన్ చేసి బేకరీ అక్క చెబుతుంది. ఆపరేటర్ పాసైంది. కొత్త కుర్చీ ఎక్కిన రోజున అభినందిద్దామని ఆస్పత్రికి ఫోన్ చేస్తే తనే ఎత్తింది. "ఒకమ్మాయి రాలేదు సార్, కాస్త లైన్లో ఉండండి" అని ఇంకెవరి కాల్‌నో కలపడానికి వెళ్లిపోయింది.

సంస్థ మాత్రం ఎప్పటిలాగే కళకళలాడుతోంది. నాకొచ్చిన చిక్కల్లా వచ్చే ఆదివారమే. ఒకే వేళకి రెండు పరీక్షలు పడ్డాయి, నాకేమో కుడిచెయ్యి ఒక్కటే. రెండోది ఓ సంగీతం టీచరమ్మది. తొమ్మిదింటికల్లా గేటు దగ్గర నిలబడతానంది. "నాకు రాసిపెట్టడానికి ఎవరొస్తున్నారండీ?" అని అడిగింది. పేపర్లో కథలు చదివే అలవాటున్న మనిషి, దస్తూరీ బాగుంటుంది, ఆదివారం పొద్దున పెద్దగా పనేమీ ఉండదు, తప్పకుండా వస్తారని చెప్పేశాను.

మీ గురించే చెప్పాను.