చిట్టమ్మకు ఏటీ నేదు

సోమవారం పొద్దున్న పది గంటలకు రోగి వస్తుంది, తనకేమీ లేదని బుకాయిస్తుంది, సాయిదుర్గ ఆమె దగ్గర నిజం రాబడుతుంది, పదకొండుకల్లా అందరూ టీ తాగుతారు. నర్సింగ్ కాలేజీలో గౌరీశ్వరి మేడమ్ వేసిన పథకం ఇంతే. మేడమ్ పథకాలు ఎప్పుడూ చక్కగానే ఉంటాయి. మనుషులే వాటిని పాడుచేస్తుంటారు.

సాయిదుర్గ మల్కాపురం పిల్ల. బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం. ఇంజెక్షన్ చేస్తే చేసినట్టే తెలియదని క్లాసులో పేరుంది. కాని పోయినసారి ప్రాక్టికల్‌లో తప్పింది. రోగిగా నటించడానికి వచ్చిన పెద్దమనిషి "నాకేం లేదమ్మా" అంటే, "సంతోషం బాబాయ్ గారూ" అని బయటికి వచ్చేసింది. "ఏమీ లేదన్న పేషెంట్‌ని నమ్మేసే నర్సు నాకొద్దు. ఈసారి కూడా తప్పితే మీ బ్యాచ్‌తో ఆస్పత్రి ఇంటర్న్‌షిప్‌కి పంపను" అని మేడమ్ తేల్చేశారు. అందుకని సాయిదుర్గ ఆదివారమంతా అద్దం ముందు నిలబడి, ఎదురుగా ఉన్న మనిషిని నమ్మకుండా సాధన చేసింది.

రోగి వేషానికి మేడమ్ రాధ అనే నాటకాల నటిని ఫోన్లో కుదిర్చారు. వెయ్యాల్సింది చేపలమ్మే మనిషి పాత్ర. షుగరుంది, కుడి మడమ మీద మానని పుండుంది. అడిగితే ఏమీ లేదంటుంది. మూడోసారి గట్టిగా అడిగితే కళ్ళు తిరిగి పడిపోతుంది. "గంట మోగేదాకా పాత్రలోంచి బయటికి రాకూడదు" అని మేడమ్ మరీ మరీ చెప్పారు. రాధ మడమ మీద రంగులతో పుండు దిద్దుకుని, ఖాళీ తట్ట మీద గుడ్డ కప్పుకుని, ద్వారకా నగర్‌లో ఆటో ఎక్కి వచ్చింది.

గేటు దగ్గర వాచ్‌మన్ అప్పలసూరి ఆమెను ఆపాడు. "సేపలోల్లు ఎనక నుంచెల్లాలి. వంటిల్లు అటే" అని పంపేశాడు. ఆమె మలుపు తిరిగాక గాని, చేపలావిడ వస్తే పైకి ల్యాబ్‌కి పంపమని మేడమ్ చెప్పిన మాట గుర్తుకు రాలేదు. నాలుక కరుచుకున్నాడు. అంతలో ఇంకో చేపల తట్ట వచ్చింది. ఆమె చిట్టమ్మ. హాస్టల్‌కి రోజూ చేపలు తెచ్చే ఆవిడ ఊరెళ్తే, ఆమె బదులు మొదటిసారిగా వచ్చింది.

"నువ్వు పైకెల్లమ్మా. మేడం నీ కోసమే సూస్తన్నారు" అన్నాడు అప్పలసూరి, చేసిన తప్పు దిద్దుకున్న తృప్తితో.

మేడమ్ తన చేత్తో చేపలు ఏరుకుంటుంది కాబోలనుకుని చిట్టమ్మ మెట్లెక్కింది. ల్యాబ్‌లో సాయిదుర్గ ఒక్కతే ఉంది.

"రండి పిన్నీ, కూర్చోండి. ఒంట్లో ఎలాగుంది?"

"నాకేటి? బాగానే ఉన్నాను. మేడం ఏది? వంజరాలు తెచ్చినాను."

సాయిదుర్గ మనసులోనే మేడమ్‌కి దండం పెట్టుకుంది. ఎంత మంచి నటిని తెచ్చారు! వాసనతో సహా తెచ్చారు.

"కళ్ళు తిరగడం, కాళ్ళు తిమ్మిరెక్కడం ఏమైనా ఉన్నాయా?"

"ఏటీ నేదు."

"షుగరు?"

"కిరాణా కొట్టుకెల్లి అడుగు. నాను సేపలమ్ముకునేదాన్ని తల్లీ!"

"అందరూ మొదట అలాగే అంటారు పిన్నీ."

"ఎవులంటారు?" అని చిట్టమ్మ లేవబోయింది. పోయినసారి సాయిదుర్గ అయితే తలుపు కూడా తీసి పట్టుకునేది. ఈసారి కదలలేదు. "అంత తొందరెందుకో చెప్పండి" అంది.

"సేపలు పాడైపోవా మరి!"

రోగి బెంగ తీర్చాకే పరీక్ష చెయ్యాలని పాఠంలో ఉంది. సాయిదుర్గ తట్ట అందుకుని, వంజరాలను టీకాల ఫ్రిజ్‌లో వరసగా సర్దేసింది. చిట్టమ్మ ఆ ఫ్రిజ్‌ని చూసి, ఏసీని చూసి, పరుపును నొక్కి చూసి కాస్త మెత్తబడింది. "సరే, బేగి సూసి నన్నొగ్గీ" అని కాళ్ళు చాచింది.

అదే సమయానికి కింద వంటింట్లో వంటవాడు సింహాద్రి కత్తి నూరుకుంటున్నాడు. రాధ అతన్ని ఎగాదిగా చూసింది. ఈ రోజుల్లో మగపిల్లలూ నర్సింగ్ చదువుతున్నారు. ఒంటి మీద ఏప్రన్ కూడా ఉంది. పరీక్ష మొదలైందనుకుంది.

"ఏటున్నాయి?" అన్నాడు సింహాద్రి.

"నాకేటీ నేదు బాబూ."

"ఏటీ నేకుండా ఎందుకొచ్చినావు? సరిగ్గా సెప్పు, ఏటున్నాయి?"

"నిజం బాబూ, ఏటీ నేదు."

"అవతల పిల్లలు బోయినాలకొచ్చేత్తారు. ఏటున్నాయో సెప్పమ్మా!"

అది మూడోసారి. రాధ కళ్ళు తేలేసి బియ్యం బస్తా మీదికి ఒరిగిపోయింది. పైకి తేలిన మడమ మీద పుండు చూసి సింహాద్రి కెవ్వుమన్నాడు. తానున్నది నర్సింగ్ కాలేజీలోనన్న సంగతి ఆ కంగారులో తట్టక 108కి ఫోన్ చేశాడు. వంటింట్లో గంట లేదు గనక రాధ కళ్ళు తెరవలేదు. స్ట్రెచర్ ఎక్కించినా తెరవలేదు. సైరన్ మోగినప్పుడు ఇదే గంటేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది గాని, నటి కనుక తమాయించుకుంది.

పైన గంట మోగింది. గౌరీశ్వరి మేడమ్ చేతిలో కాగితంతో ల్యాబ్‌లోకి వచ్చారు.

"చెప్పు. ఏం కనిపెట్టావు?"

సాయిదుర్గ లేచి నిలబడింది. "పేషెంట్‌కి ఏమీ లేదు మేడమ్."

"మళ్ళీ అదే జవాబా!"

"అదే మేడమ్. పోయినసారి ఆయన చెప్పింది చెప్పాను. ఈసారి నేను చూసింది చెప్తున్నాను. బీపీ చూశాను, షుగరు చూశాను, రెండూ బాగున్నాయి. పాదాలు కడిగి వేళ్ళ సందుల్లో కూడా చూశాను. గీత కూడా లేదు."

"కుడి మడమ మీద పుండు?"

"లేదు."

"ఇదిగో, నా కాగితంలో ఉంది."

"కాగితంలో ఉండొచ్చు మేడమ్. కాలి మీద లేదు."

అనడమైతే అనేసింది గాని, ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. బ్యాచ్ అంతా ఆస్పత్రికి వెళ్తుంటే తను గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతున్నట్టు కనిపించింది. అయినా మాట మార్చలేదు. మేడమ్ కళ్ళజోడు సవరించుకుని వంగి మడమ చూశారు. వేలితో రుద్దారు. ఎందుకైనా మంచిదని ఎడమదీ రుద్దారు.

"ఇందాకట్నుంచి సెప్తన్నాను, ఇనరేటి? నాకేటీ నేదు!" అంది చిట్టమ్మ.

అప్పుడే సింహాద్రి రొప్పుతూ వచ్చాడు. "మేడం! సేపలావిడ వంటింట్లో పడిపోతే ఆంబులెన్సు ఎక్కించేసినాను!"

మేడమ్ సింహాద్రిని చూశారు, చిట్టమ్మను చూశారు, ఫ్రిజ్ తలుపు తీసి వంజరాలను చూశారు. కుర్చీ లాక్కుని కూలబడ్డారు. కాగితం మీద పుండు అన్న మాట కొట్టేసి, పక్కన 'పాస్' అని రాసి సంతకం పెట్టారు.

"పేషెంట్‌ని నమ్మకపోవడం నేనే నేర్పాను. నన్ను నమ్మకపోవడం ఎవరు నేర్పారే నీకు?" అన్నారు. కోపంగా అందామనుకున్నారు గాని, గొంతులో గర్వమే పలికింది. సాయిదుర్గ ఆ కాగితం చూసి అప్పుడు ఏడ్చింది.

ఇక మిగిలింది రాధ. ఆమెను చేర్చిన ఆస్పత్రి క్యాజువాలిటీలో ఉన్న నర్సు ధనలక్ష్మి మేడమ్ పాత శిష్యురాలే. మేడమ్ నిశ్చింతగా ఫోన్ చేశారు. "అదంతా నటనమ్మా. ఆవిడకేమీ లేదు, పంపించెయ్."

"ఆవిడా అదే అంటున్నారు మేడమ్. దూదితో తుడిస్తే పుండు కూడా పోయింది. అందుకే మరీ అనుమానంగా ఉంది. ఏమీ లేదన్న పేషెంట్‌ని నమ్మకూడదని మీరే కదా చెప్పారు. టెస్టులన్నీ అయ్యేదాకా వదలం."

రాధ సాయంత్రానికి గాని బయటపడలేదు. ఆమె నటన గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు గాని, ఈసీజీ మాత్రం చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు.