కారణాల గోదాములో ఇత్తడి బిందె

ముందు యుద్ధానికి ముహూర్తం పెట్టుకుని, ఆనక దానికో కారణం ఇప్పించమంటూ గోదాము కిటికీ దగ్గరికి ఇండెంటు కాగితం పట్టుకొచ్చే పెద్దమనుషుల్లారా, ఈ పాపం మీది. ఇత్తడి బిందెది కాదు, సువార్తమ్మది కాదు. మీ తాతలకూ ఇందులో వాటా ఉంది గానీ, వాళ్లు ఇప్పుడు చేతికి దొరకరు కాబట్టి మొత్తం మీదే.

గుండ్లేటికి ఇవతలి ఒడ్డు సర్కారువారి యుద్ధ కారణాల గోదాము బస్టాండు వెనక, ఎరువుల డిపోను ఆనుకుని ఉంటుంది. పొద్దున పదింటికి తెరుస్తారు. లోకంలో ఇంతవరకు యుద్ధాలకు వాడిన కారణాలన్నీ అక్కడ అరల్లో నంబర్లు వేసి ఉంటాయి. ఎవరికైనా యుద్ధం వచ్చినప్పుడు ఒకటి ఇస్తారు, పని అయిపోయాక వాపసు తీసుకుంటారు, ఫినాయిలు చల్లి మళ్లీ అరలో పెడతారు. మూడో అరలో గాజు సీసాలో ఒక ఓడ కెప్టెను చెవి ఉంది. అది తెగిన ఎనిమిదేళ్లకు రెండు రాజ్యాలకు దాని మీద కోపం వచ్చింది. ఐదో అరలో నీళ్లు తోడే చెక్క బక్కెట్టు ఉంది. దానికోసం ఇటలీలో రెండు ఊళ్లు కత్తులు దూశాయని చెబుతారు. పల్నాటి కోడిపందెం తాలూకు ఈకలు ఒక కవర్లో ఉన్నాయి. ఒక యువరాజుగారి కారు డ్రైవరు తిరగకూడని చోట తిరిగిన మలుపును చాపలా చుట్టి, తాడు కట్టి, గోడకు ఆనించారు. దాన్ని ఎత్తాలంటే నలుగురు మనుషులు కావాలి. కోటిమందికి పైగా జనాన్ని మింగిన మలుపు, బరువుండదా మరి.

స్టోర్ కీపరు కంభంపాటి సువార్తమ్మ. ఇరవై రెండేళ్ల సర్వీసు. కళ్లు మూసుకుని ఏ అరలో ఏముందో చెప్పగలదు. ఇండెంటు ఫారంలో ఏడు గడులుంటాయని, అందులో యుద్ధం పేరు, ఎవరి మీద, ఏ తేదీన, ఎంత మందుగుండు, ఎంతమంది మనుషులు అనే మొదటి అయిదూ ఎప్పుడూ నిండే వస్తాయని, ఆరోది, అంటే కారణం గడి, ఎప్పుడూ ఖాళీగా వస్తుందని ఆమెకు తెలుసు. అది నింపి ఏడో గడిలో సంతకం చేయడం ఆమె ఉద్యోగం. ఇందులో వింతేమీ ఉన్నట్టు ఆమెకు ఎన్నడూ తోచలేదు. జీతాల బిల్లు కూడా అట్లాగే వస్తుంది.

ఆ సోమవారం సూపరింటెండెంటు భుజంగరావు స్వయంగా వచ్చాడు. గుండ్లేటికి అవతలి ఒడ్డు మీద యుద్ధం, గురువారం పదింటికి. వెనక మనుషుల జాబితా కుట్టి ఉంది. పేజీలు వరసగా ఉన్నాయో లేదో చూడటానికి సువార్తమ్మ తిప్పింది. నలభై ఒకటో నంబరు కంభంపాటి దావీదు, లారీ డ్రైవరు. ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఇరవై ఏడు నిండినవాళ్లను యుద్ధానికి పిలవరు. దావీదుకు వచ్చే నెలలో నిండుతాయి.

గోదాములో సరుకు లేకపోతే యుద్ధాన్ని మూడు నెలలు వాయిదా వేయాలని రూలు ఉంది. ఇంతవరకు ఎవరికీ దాని అవసరం రాలేదు.

"ఏదో ఒకటి ఇచ్చి పంపు సువార్తమ్మా. ఆరో గడి నిండాల."

"ఏం లేవండి."

"ఇన్ని అరలు పెట్టుకుని లేవంటావేంది?"

"చెవి ఎండి తునిగిపోయిందండి. పోయినేడు తీసుకుపోయినోళ్లు ఎండలో పెట్టారు."

"బక్కెట్టు?"

"చెదలు."

"కోడి?"

"ఈకలే ఉన్నయ్యి. ఈకల మీద యుద్ధమంటే జనం నవ్విపోతారు."

"నవ్వనీ. నవ్వినోడు గూడా వరసలో నిలబడేవాడేగా. సరే, మలుపు ఇయ్యి."

"ఎత్తటానికి నలుగురు కావాలండి. ఉన్నోళ్లంతా మీ జాబితాలోనే ఉన్నారు."

సువార్తమ్మ రిజిస్టరు తీసి 'సరుకు లేదు' అని రాయడానికి పెన్ను పెట్టింది. ఇక్కడే దెబ్బ తగిలింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఒక్క అరను ముట్టని భుజంగరావు, చెదల బక్కెట్టు చూద్దామని వంగి, అడుగు అరలోంచి ఒక కాగితం లాగాడు.

మూడేళ్ల కిందట వంతెన మొదట్లో ఉన్న బోరింగు దగ్గర సువార్తమ్మ తన ఇత్తడి బిందె పెట్టి పక్కకు తిరిగింది. అవతలి ఒడ్డు ఆదెమ్మ, వంకాయలమ్మే మనిషి, దాన్ని ఎత్తుకుపోయింది. సువార్తమ్మ ఆ మంట మీద ఆఫీసుకు వచ్చి కసితీరా రాసింది. చేతికందిన కాగితం కారణాల ఫారం. రాసి ఊరుకుందా అంటే, అప్పటికే పందొమ్మిదేళ్ల ఆఫీసు చెయ్యి అది, కోపమొచ్చినా ముద్ర వెయ్యకుండా ఉండదు. గుండ్రటి ముద్ర కొట్టింది, నంబరు వేసింది, అరలో పెట్టి మరిచిపోయింది.

భుజంగరావు పైకి చదివాడు. "'అవతలి ఒడ్డు మనుషులకు సిగ్గూ శరమూ లేదు. మన ఓర్పును చేతకానితనం అనుకుంటున్నారు. వీళ్లకు బుద్ధి చెప్పి తీరాలి.' ఏం రాశావమ్మా. మా పై ఆఫీసులో ఒక్కడికి ఇట్టా రాయటం చేతకాదు."

"అది బిందె గురించండి."

"అన్నీ బిందె గురించేనమ్మా."

ముద్ర ఉంది, నంబరు ఉంది. స్టోర్ కీపరు సంతకం కూడా ముందే ఉంది. ఆరో గడి నిండింది.

మంగళవారానికల్లా గోడల మీద బిందె బొమ్మలు వెలిశాయి. నాయకుడుగారు మైదానంలో ఒక బిందెను ఎత్తి పట్టుకుని, ఇది వట్టి పాత్ర కాదు, మన పరువు అన్నారు. ఆయన పుట్టి బుద్ధెరిగి నీళ్లు మోసిన మనిషి కాదు గనక దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. ఎవరూ గమనించలేదు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. జనంలో నిలబడ్డ సువార్తమ్మకు తన వాక్యాలు మైకులో వినపడ్డాయి. పక్కవాళ్లంతా చప్పట్లు కొడుతుంటే ఆమె చేతులు కూడా రెండుసార్లు కలిశాయి. తరవాత వాటిని కొంగులో దాచుకుంది.

బుధవారం పొద్దున్నే వంతెన దాటి ఆదెమ్మ బండి దగ్గరికి పోయింది.

"రావమ్మా బిందె మహారాణీ. మా గోడల నిండా నీ భాగోతమే."

"నా బిందె నాకియ్యి వదినా."

"మూడేళ్లకు గుర్తొచ్చిందా? నీ బిందెకు అడుగున చిల్లి. నేను మాటు వేయించా. ఇప్పుడు ధనియాలు పోసుకుంటన్నా. నీళ్లకు పనికొచ్చే సరుకనుకున్నావా అది?"

"నా కొడుకు పేరు జాబితాలో ఉంది వదినా."

ఆదెమ్మ తక్కెడ కింద పెట్టింది. "మా పెద్దోడిది పన్నెండో నంబరు. మావోళ్ల ఫారంలో కారణం ఏం రాశారో తెలుసా? నువ్వు నన్ను దొంగ అన్నావంట."

"అన్నాగా."

"అన్నావులే. నేనూ తీశాగా."

ఇద్దరూ నవ్వారు. నవ్వు సగంలో ఆగిపోయింది. ధనియాలు గంపలో కుమ్మరించి, చెరొక పక్కా పట్టుకుని బిందెను వంతెన మీదుగా గోదాముకు మోసుకొచ్చారు. ఖాళీ బిందెకు ఇద్దరెందుకని దారిలో ఎవరూ అడగలేదు. దొంగతనం ఒప్పుకుంటూ ఆదెమ్మ, తిట్టు వెనక్కి తీసుకుంటూ సువార్తమ్మ తలా ఒక కాగితం రాసిచ్చారు.

భుజంగరావు సంతోషించాడు. "యుద్ధం మొదలుకాకముందే కారణం వాపసు. ఇంత శుభ్రమైన గోదాము చుట్టుపక్కల ఎక్కడా లేదు." రసీదు రాసిచ్చాడు.

"ఇంక ఆపెయ్యండి మరి," అంది సువార్తమ్మ.

"దేన్ని?"

"యుద్ధాన్ని."

"నీది కారణాల శాఖ. యుద్ధం పైన, అవసరాల శాఖది." వేలితో పైకప్పు చూపించాడు. ఆ మేడ మెట్లు సంతకాలు పెట్టేవాళ్లకే. "చెవి తిరిగి అతికిస్తామంటే ఆనాడు ఆళ్లు ఆగేవాళ్లా? వచ్చే నెల మన నాయకుడిగారి కుర్చీకి ఓట్లు. అవతలాయనకూ వచ్చే నెలే. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునే గురువారం పెట్టుకున్నారు."

"మరి కారణం దేనికయ్యా?" అని ఆదెమ్మ అడిగింది.

"చచ్చేవాడికి ఏదో ఒకటి చెప్పాల గదమ్మా."

గురువారం పదింటికి యుద్ధం మొదలైంది. సరిగ్గా వేళకు. వంతెన మూసేశారు. బిందె అప్పటికే ఆరో అరలో ఉంది. దావీదు లారీ గోదాము కిటికీ ముందు నుంచే పోయింది. అద్దం మీద బిందె బొమ్మ అంటించి ఉంది.

పదకొండో రోజు దావీదు పేరును నలభై ఒకటో నంబరు నుంచి కొట్టేసి, వేరే జాబితాలో మూడో నంబరుగా ఎక్కించారు. ఆ కాగితాలకు గుండుసూది వంకరగా గుచ్చి పంపారు. సువార్తమ్మ సూది తీసి, అంచులు సరిచేసి, మళ్లీ గుచ్చింది. ఆ తరవాతే కింద కూలబడింది. ఆదెమ్మ కొడుకు పేరు ఇప్పుడు ఏ జాబితాలో ఉందో అడగటానికి వంతెన లేదు.

యుద్ధంలో ఎవరు గెలిచారన్నది తేలలేదు. ఓట్లలో ఇద్దరు నాయకులూ గెలిచారు.

సెలవు అయ్యాక సువార్తమ్మ పనిలోకి వచ్చింది. బిందెకు గిరాకీ పెరిగింది. తేలికైన కారణం, ఒక్క మనిషి మోయగలడు, జనానికి వెంటనే అర్థమవుతుందని రెండు మూడు సర్కారులు రాశాయి. సోమవారం కొత్త ఇండెంటు వచ్చింది. ఆరో గడి ఖాళీ. సువార్తమ్మ దాన్ని నింపలేదు. స్కేలు పెట్టి ఎర్ర సిరాతో పక్కన ఎనిమిదో గడి గీసి, పైన రాసింది: 'దీని మీద సంతకం పెట్టేవారు, వారి కొడుకులు, ఏ వరసలో నిలబడతారు?'

"ఇదేం రూలు?" అన్నాడు భుజంగరావు.

"గీత గీశాక రూలేనండి. మొదటి ఏడూ ఎవరు గీశారు?"

ఇండెంటు మేడ మీదికి పోయింది. బదులు అదే పూట దిగింది. సువార్తమ్మను ఎరువుల డిపోకు బదిలీ చేశారు. కొత్త స్టోర్ కీపరు నెమ్మదైన మనిషి, ఏడు గడుల ఫారమే వాడుతున్నాడు. శుక్రవారం బిందె బయటికి వెళుతోంది.

వరసలో నిలబడే జనమా, ఆ శుక్రవారంలోపే రండి, పొద్దున పదింటికి గోదాము తెరుస్తారు. స్కేలూ ఎర్ర సిరా వెంట తెచ్చుకోండి. ఎనిమిదో గడి గీయండి. వాళ్లు కొట్టేస్తే మళ్లీ గీయండి. అది నిండేదాకా, మీ ఇంట్లోవాళ్ల పేరు ఒక్కటి కూడా అయిదో గడి లెక్కలోకి పోనివ్వకండి.