బావి మలుపు లాంతరు

ఆ బుధవారానికి రాఘవమ్మ వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. పొద్దున్నే సంగటి కెలికి దించాలి, బర్రెకు గడ్డి వేయాలి, పది గంటలకల్లా పంచాయతీ బోర్డు ఆఫీసుకు వెళ్లి ప్రెసిడెంటు ముందు నాలుగు మాటలు చెప్పాలి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి వడియాలు పెట్టుకోవాలి. వడియాల కోసం పప్పు కూడా నానేసుకుంది.

రాఘవమ్మది పాలమిట్ట, వడమాలపేటకు దగ్గరలోని ఊరు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం మొదలై నాలుగేళ్లు దాటింది. కిరసనాయిలు కంట్రోలు కార్డు మీద ఇచ్చేవాళ్లు, అదీ దొరికిన నెల దొరికినట్టు. ఊరి వీధి లాంతర్లకు నూనె చాలక, వాటిలో సగం తీసేయాలని బోర్డు అనుకుంది. ఎవరికైనా ఆక్షేపణ ఉంటే బుధవారం పది గంటలకు ఆఫీసుకు వచ్చి చెప్పుకోవచ్చని ఊరంతా దండోరా వేయించింది. తీసేయబోయే వాటిలో రాఘవమ్మ వీధి చివర, బావి మలుపులో ఉన్న లాంతరు కూడా ఉంది. ఆ బావికి గోడ లేదు. కిందటి వానాకాలంలో ఆ లాంతరు గాలికి ఆరిపోయిన రాత్రే కుప్పయ్య అందులో పడ్డాడు. తాళ్లు వేసి పైకి లాగారు గానీ, ఆయన ఇప్పటికీ కాలు ఈడ్చుకుంటూనే నడుస్తాడు.

దండోరా విన్న మర్నాడే రాఘవమ్మ ఆఫీసుకు వెళ్లి, ఆక్షేపణ ఎట్లా చెప్పాలో గుమాస్తా రాజారత్నాన్ని అడిగింది. ఆయన ముందు ఆశ్చర్యపోయాడు. తన సర్వీసులో ఇంతవరకు విచారణకు ఒక్కరూ రాలేదని, ఆ రోజు ప్రెసిడెంటూ తానూ కాఫీ తాగి ఇంటికి పోవడమే అలవాటని ఒప్పుకున్నాడు. తర్వాత పద్ధతి చెప్పాడు. ఎవరైనా రావచ్చు, ఆడవాళ్లయినా సరే. పేరు, వీధి చెప్పి, నోటితో చెప్పినా రాసుకుంటారు. సంతకం రాకపోతే వేలిముద్ర వేయవచ్చు. ఎంతమంది వస్తే బోర్డు అంత ఆలోచిస్తుంది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే భర్త ఏకాంబరం నవ్వాడు. బోర్డువాళ్లు తీర్మానం ఎప్పుడో రాసి పెట్టుకుని ఉంటారని, ఆమె వెంట కాకి కూడా రాదని అన్నాడు. రాఘవమ్మ మంగళవారం పొద్దున్నే నీళ్ల బిందె దించి, ప్రహరీ గోడ మీదుగా పక్కింటి సిద్ధమ్మను పిలిచింది.

"రేపు పది గంటలకు బోర్డు ఆఫీసుకాడికి రావల్ల సిద్ధమ్మా. కిరసనాయిలు సంగతి. ఇంటికొకరన్నా వస్తే మంచిది."

"ఏమన్నా తేవల్లనా అక్కా?"

"ఏమీ తేవొద్దు. మనిషి వస్తే చాలు. నలుగురికీ చెప్పు."

సిద్ధమ్మ చెప్పింది. ఏమీ తేనక్కర్లేదంటే కార్డు కూడా తేనక్కర్లేదనే కదా అని ఆమెకు తోచింది. ఆ మాట విన్న అవతలి ఇంటావిడకు ఇంకో సంగతి వెలిగింది. లాంతర్లు తీసేస్తున్నారు కాబట్టి, వాటిలో పోసే నూనె ఇక మిగిలిపోతుంది. మిగిలిన నూనెను జనానికి పంచకుండా బోర్డు ఏం చేసుకుంటుంది? ఇందులో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ కనబడలేదు. మధ్యాహ్నానికి ఇంటికొక సీసా అన్నారు. పొద్దు వాలేసరికి మనిషికొక సీసా అయింది, పైగా ముందొచ్చిన వాళ్లకేనన్నారు.

బుధవారం రాఘవమ్మ చెప్పాల్సిన మాటలు మనసులో వల్లించుకుంటూ వీధి మలుపు తిరిగి, ఆగిపోయింది. ఆఫీసు ముందు తిరునాళ్లలా జనం. ఆడవాళ్లు, మగవాళ్లు, పక్క పల్లెలవాళ్లు, చివరికి ఔట్‌పోస్టు కానిస్టేబులు కూడా వరసలో నిలబడ్డాడు. అందరి చేతుల్లో ఖాళీ సీసాలు, డబ్బాలు. రాఘవమ్మ కళ్లు చెమర్చాయి. ఒక్క లాంతరు కోసం ఇంతమంది వచ్చారు. నూనె లేక ఎంత అవస్థ పడుతున్నారో బోర్డుకు చూపించడానికి ఖాళీ సీసాలు కూడా తెచ్చారు. ఆ ఉపాయం తనకు తట్టనందుకు సిగ్గుపడింది. వరసలో ఉన్నవాళ్లకు చేతులు జోడించింది. నూనె ఇప్పిస్తున్నది ఈమేనని వాళ్లూ భక్తిగా చేతులు జోడించారు.

లోపల ప్రెసిడెంటు జయరామ్ నాయుడు కిటికీలోంచి ఈ దృశ్యం చూసి కాఫీ లోటా కింద పెట్టేశాడు. అంతకుముందు ఏడు క్విట్ ఇండియా గొడవల్లో ఎక్కడో జనం రైలు స్టేషను తగలబెట్టారని పత్రికలో చదివినప్పటి నుంచి ఆయనకు గుంపంటే భయం. ఈ గుంపు డబ్బాలతో వచ్చింది. తలుపు గడియ వేయించి, కానిస్టేబులును పిలవమన్నాడు. రాజారత్నం తొంగి చూసి, కానిస్టేబులు వాళ్లలోనే ఉన్నాడని, ఆయన చేతిలోనూ ఒక సీసా ఉందని చెప్పాడు.

రాఘవమ్మ తలుపు తట్టింది. ఎవరూ తీయలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అయ్యా, వచ్చి చెప్పుకోమని దండోరా వేయించింది మీరే. వచ్చినాం. ఇప్పుడు తలుపేసుకుంటే ఎట్ల?"

"ఏం కావల్లమ్మా మీకు?" అన్నాడు నాయుడు, కిటికీకి కాస్త దూరంగానే ఉండి.

"బావి మలుపు లాంతరు తీయొద్దు. అంతే."

"ఇంతమందీ అందుకేనా?"

"అందుకే."

నాయుడికి ప్రాణం లేచొచ్చింది. గడియ తీయించాడు. రాజారత్నం బల్ల బయట వేసుకుని, పేరు, వీధి చెప్పి వేలిముద్ర వేయమన్నాడు. జనం సంతోషంగా వేశారు. నూనె ఊరికే ఇస్తారా, వేలిముద్ర తీసుకోరా అనుకున్నారు. అందరిదీ అయ్యాక రాజారత్నం లేచి, బావి మలుపు లాంతరు తీయరాదని కింద వేలిముద్రలు వేసినవారంతా ఆక్షేపిస్తున్నారని గట్టిగా చదివాడు.

 జనంలోంచి ఎవరో, మరి కిరసనాయిలు యాడ పోస్తారని అడిగారు. ఏ కిరసనాయిలని రాజారత్నం అడిగాడు. అందరూ సిద్ధమ్మ వైపు తిరిగారు. సిద్ధమ్మ రాఘవమ్మను చూపించింది.

అప్పటికి గానీ రాఘవమ్మకు సంగతి బోధపడలేదు. పనులు మానుకుని వచ్చామని కొందరు, పక్క పల్లె నుంచి నడిచొచ్చామని కొందరు మీదికొచ్చారు. వెనక్కి తగ్గితే లాంతరు పోయినట్టే. ఆమె బల్ల పక్కన ఉన్న అరుగెక్కింది.

"నూనె ఇస్తారని నేను ఎవురికీ చెప్పలేదు. కానీ ఎట్లో వచ్చినారు, నా మాట వినిపోండి. కుప్పయ్య మామ బావిలో ఉండి అరస్తా ఉంటే, ఆ చీకట్లో ఆయన యాడుండాడో మనకు కనబడలేదు. తాళ్లు లాగిన చేతులు ఈడనే ఉండాయి. ఈసారి పడేది మీ బిడ్డ కావచ్చు, నా మొగుడు కావచ్చు."

ఆ మాట అంటూ చూసేసరికి, జనం మధ్యలో అందరికంటే పెద్ద డబ్బా పట్టుకుని ఏకాంబరం కనబడ్డాడు. బొటనవేలికి సిరా ఉంది. ఆయన డబ్బాను మెల్లగా వీపు వెనక్కి జరుపుకున్నాడు. అంత డబ్బా వీపు చాటున దాగలేదు.

ముందుగా కుప్పయ్య కాలీడ్చుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన కూడా సీసాతోనే వచ్చాడు. "నేను వచ్చింది నూనెకే. కానీ నా ఆక్షేపణ ఆక్షేపణే, రాసుకోప్పా," అన్నాడు. ఆయన అంత మాట అన్నాక వేసిన వేలిముద్ర కాదనడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

నాయుడికి ఇప్పుడు భయం పూర్తిగా పోయింది. బుర్ర కూడా చురుగ్గా పనిచేసింది. ఆక్షేపణ న్యాయమైనదేనని, లాంతరు తీయబోమని ప్రకటించాడు. అయితే అందులో పోయడానికి బోర్డు దగ్గర నూనె లేదు. లాంతరు కావాలని ఇంతమంది వేలిముద్రలు వేశారు కాబట్టి, ఒక్కొక్కరు తమ కార్డు నూనెలోంచి నెలకొక చిన్న గరిటెడు పోస్తే చాలన్నాడు. జనం తమ బొటనవేళ్ల వైపు చూసుకున్నారు. సిరా ఇంకా ఆరలేదు.

"మొదటి గరిటె మా ఇంటిది," అంది రాఘవమ్మ. ఏకాంబరం తల ఊపాడు. ఊపక తప్పలేదు.

ఊరికే వచ్చే నూనె పట్టుకుపోదామని వచ్చిన ఊరు, ఉన్న నూనెలోంచి ఇస్తామని ఒప్పుకుని ఇళ్లకు వెళ్లింది. గొణుక్కుంటూనే అయినా నెలనెలా పోశారు. మలుపు లాంతరు వెలుగుతూనే ఉంది. పోసినవాళ్లకు బోర్డు మీద ఒక హక్కు కూడా పుట్టుకొచ్చింది. ఎక్కడ ఏ విచారణ పెట్టినా ముందుగా వచ్చి కూర్చునేవాళ్లు.

మూడో విచారణకు బెంచీలన్నీ నిండిపోయి, జయరామ్ నాయుడు నిలబడే అధ్యక్షత వహించాడు.