పగిడయ్య బొటనవేలు

"ఓ వనజ నాయనా, శనివారం ఆ మిషను నీ వేలు గుర్తుపట్టకపోతే మన బతుకేం గావాలె?"

మంగళవారం తెల్లవారి పొయ్యి ముందు కూర్చుని భీమక్క అడిగింది. గడప మీద వేపపుల్ల నములుతున్న పగిడయ్య పలకలేదు. పోయిన నెలంతా పాల్వంచలో కూలి చేసి వచ్చినా, అక్కడి కబురు ఒక్కటి చెప్పని మనిషి అతను.

జవాబు కోసం భీమక్క ఆగనూ లేదు. "ముందు నీ పేరు కార్డుల నుంచి పోతది. ఆ ఎన్క నా పేరు పోతది. మనిద్దరం లేనోళ్లమైతే పిల్ల ఎవరి పిల్లని అడుగుతరు. భద్రాచలం హాస్టల్ల నుంచి వనజను పెట్టెతో సహా ఎల్లగొడ్తరు. గప్పుడేం జేస్తవ్?"

శనివారం మధ్యాహ్నం లోపు కార్డులో ఉన్న ప్రతి మనిషీ రేషన్ దుకాణంలో వేలిముద్ర వేయాలని, వేయనివారి పేరు తీసేస్తారని ఊళ్లో చాటింపు వేశారు. వనజది సెలవులకు వచ్చినప్పుడే అయిపోయింది. పెద్దవాళ్లవే మిగిలాయి. ముందురోజు కోటేష్ అనే కూలీ ఆరుసార్లు వేలు పెట్టినా మిషను ఒప్పుకోలేదు. "మిర్చి ఏరి ఏరి గీతలు అరిగినయ్. నాలుగు రోజులు చేతులకు పని చెప్పకు. నూనె రాయి, గీతలు లేస్తయ్," అని డీలర్ రామకృష్ణ అతనికి చెబుతుంటే భీమక్క విన్నది. అప్పటి నుంచి ఆమెకు అన్నం సహించలేదు.

అందుకే పగిడయ్య కుడి బొటనవేలికి ఇప్పనూనె దట్టంగా పట్టించి, పాత చీర అంచు చింపి ఇంత లావున చుట్టింది. "శనివారం దాక ఇల్లు కదలకు. కట్టె ముట్టకు. బీడీ కూడ ఎడమచేత్తోనే తాగు. నీ పని కూడ నేనే చేసి వస్తా," అని బుట్ట ఎత్తుకుని మిర్చి తోటకు పోయింది.

గురువారం ఆశా కార్యకర్త సరళ ఫోను పట్టుకుని ఇంటింటి సర్వేకు వచ్చింది.

"వేలికేమైంది పెదనాయనా? తెగిందా? కాలిందా?"

పగిడయ్య బీడీని జాగ్రత్తగా ఎడమచేతిలోనే ఉంచుకుని ఆకాశం వైపు చూశాడు.

సరళ 'గాయం' అని నొక్కింది. దేనివల్ల అని ఫోను అడిగింది. కుక్క, పాము, తేలు, నిప్పు అని నాలుగే ఉన్నాయి. ఒకటి నొక్కనిదే తర్వాతి ఇంటికి పోనివ్వదు. చుట్టూ అడవి కదా, తర్వాత దిద్దుకోవచ్చులే అని పాము మీద నొక్కి సాగిపోయింది. వాగు అవతల రేషన్ దుకాణం దగ్గర తప్ప ఆ ఊళ్లో సిగ్నల్ లేదు కనుక పాము ఫోనులోనే పడుకుంది. శనివారం పొద్దున సరళ మీటింగుకని మండల కేంద్రానికి వెళ్లగానే అది మేల్కొని దవాఖానాకు చేరింది.

భార్యాభర్తలు దుకాణానికి బయలుదేరేసరికి అంబులెన్స్ ఎదురొచ్చింది. డ్రైవర్ రవికుమార్ దూకినట్టే దిగాడు. "పగిడయ్య నువ్వేనా? పాము కరిచింది నిన్నే గదా?"

ఆ కట్టు కట్టింది తనేనని భీమక్క చెప్పవలసింది. కానీ ఆమెకు మరో అనుమానం పుట్టింది. కట్టింది మంగళవారం. బుధవారం కరిచి ఉంటే? గుడ్డ మీది నుంచే కరిచి ఉంటే?

"అయ్యో, నాలుగు రోజులాయె మాట్లాడక! ఎప్పుడు కరిచిందయ్యా?"

పగిడయ్య ఎన్నడూ లేనిది నోరు తెరవబోయాడు.

"మాట్లాడకు పెద్దమనిషీ, విషం ఎక్కుతది," అంటూ రవికుమార్ అతన్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టాడు.

"అన్నా, పన్నెండింటికి దుకాణం మూస్తరు..."

"ఫోన్ల కేసు ఎక్కిందమ్మా. మనిషిని డాక్టరుకు చూపియ్యంది అది మూతపడదు."

దవాఖానాలో డాక్టరమ్మ ప్రసూన గుడ్డను పొర తర్వాత పొర విప్పింది. వేలు నిగనిగలాడుతూ బయటపడింది. అటూ ఇటూ తిప్పి చూసి, "మిర్చి సీజన్‌లో ఇంత మంచి వేలు నేను చూడలేదు," అంది. భీమక్క అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే టైమెంతయిందని అడిగింది.

ఆటోలో దుకాణం చేరేసరికి రామకృష్ణ షట్టర్ సగం దించాడు. భీమక్క మొగుడి చెయ్యి పట్టి ముందుకు తోసింది. రామకృష్ణ కార్డు నంబరు కొట్టి చూసి తల గోక్కున్నాడు.

"ఈయనది పోయిన నెలనే పడ్డది గదా. పాల్వంచల పెట్టిండు. ఏ ఊరి దుకాణమైనా ఒకటేనాయె. మిగిలింది నీదే అక్కా."

భీమక్క వేలు పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. ఎరుపే. ఇద్దరి పని నాలుగు రోజులు ఒక్కతే చేసిన వేలు గాజుపెంకులా నున్నగా ఉంది.

"అయిపోయింది. నేను లేనట్టే. ఇగ పిల్లకు తల్లి లేదు," అంది మెల్లగా.

"ఏడువకు అక్కా. ఇప్పుడే మెసేజ్ వచ్చింది, ఇంకో పది రోజులు గడువు ఇచ్చిండ్రు. చేతులకు పని చెప్పకు, నూనె రాయి."

ఇంటి దారిలో భీమక్క వాగు దాటింది. దాటాక ఆగి, "పాల్వంచల అయిందని ఒక్క మాట చెప్తే నీ నోట్ల ముత్యాలు రాలుతయా? ఎందుకు చెప్పలే?" అని నిలదీసింది.

పగిడయ్య నడుస్తూనే ఉన్నాడు. ఇల్లు చేరారు. అతను ఇప్పనూనె సీసా దించి, ఆమె బొటనవేలికి పట్టించి, దవాఖానాలో విప్పిన తన వేలి గుడ్డనే జేబులోంచి తీసి చుట్టాడు. ముడి సరిగా పడలేదని విప్పి మళ్లీ కట్టాడు. మిర్చి బుట్ట భుజానికెత్తుకుని, గడప దాటబోతూ ఆగాడు.

"ఇరవై ఏండ్ల కాపురంల నన్ను ఇంట్ల కూసోమన్నది గిదే మొదటిసారి," అన్నాడు. "చెడగొట్ట బుద్ధి కాలే."